మీది వీధి మంచాలు, కింది వీధి గడియలు

నల్లవంకపల్లె,
15-9-1994

అల్లుడు చిన్నన్నకు,

ఈ జాబు రాయకుండా ఊరకుందామనే అనుకున్నా. రాసేంత సంగతి లేదు, ఇన్లాండు కవరు దండగ అని రెండు దినాలు దాన్ని దిండు కింద పెట్టుకుని పండుకున్నా. మీయమ్మ ఓబమ్మ పండుకోనిస్తేనా? పొద్దున ఒకసారి, మాపున ఒకసారి వచ్చి "రాసినావా అన్నా, రాసినావా అన్నా" అని నా తల మీద నిలబడుతుంది. నా చెల్లెలికి చదువు రాదు గాని, చదువొచ్చినోని మెడలు వంచి పని చేయించుకునేది వచ్చు.

ముందు క్షేమం. మీయమ్మ బాగుంది, మేకలు బాగున్నాయి. నేను బాగుండానో లేదో నా మోకాళ్ళను అడగాల. నువ్వు ఆదివారం ఆదివారం పులివెందుల స్టేషన్లో సంతకం పెడతాండావనీ, జామీను షరతు తప్పలేదనీ మీయమ్మకు చెప్పినా. "కింది వీధోళ్ళ మీద రాళ్ళేసిన పొద్దు నా కొడుకు మేకలకాడ ఉన్యాడు గదా, కేసులో వాని పేరెట్ల వచ్చె?" అని మళ్ళా మొదలుపెట్టింది. కేసులో పేరు రాయించేదానికి మనిషి ఆడ ఉండాల్నా? కింది వీధి పార్టీకి పదహారు పేర్లు కావాల్సి వచ్చె, పదిహేనే దొరికె, పదహారోది నువ్వయితివి. కేసు తేలేదాకా జమ్మలమడుగు దిక్కు కాలు పెట్టొద్దన్యారు కాబట్టి నువ్వు ఆడ ముగ్గురాయి గనిలో రాయి పగలగొట్టే తూటాలు కాలుస్తాండావు. ఈడ మీది వీధిలో మేము పెద్దాయన పార్టీగా పుట్టి, పెద్దాయన పార్టీగానే ముసలోళ్ళమవుతాండాం.

ఇంక సంగతి. మొన్న మంగళవారం పొద్దున, మేకలను దొడ్డిలో నుంచి తోలే టయానికి ఢమ్మని ఒక మోత. ఉట్టి మీద చట్టి ఊగింది. "కింది వీధోళ్ళు బాంబేసినారో" అని మనోళ్ళంతా ఇండ్లల్లో దూరి గడియలు పెట్టుకున్యారు. కింది వీధిలో కూడా మనమే వేసినామని అదే పని చేసినారంట. అర్ధగంట ఊర్లో కుక్కలు తప్ప ఓటర్లు ఎవరూ కనపడలేదు. తర్వాత తిరిగి చూస్తే యాడా ఏమీ పడిన జాడ లేదు, ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఇంత మోత చేసి ఒక్కరికీ తగలకుండా ఎట్ల వేసినారబ్బా అని మనోళ్ళు తల గోక్కుంటాండారు. ఆ గోకుడులో రవంత మెచ్చుకోలు కూడా ఉంది.

పెద్దాయన జీపులో వచ్చి నన్ను పిలిపించి చీటీ రాయించినాడు. నీకు తెలిసిందే, ఆయన మాట వీధిలోకి పోవాలంటే నా చేతిరాతలోనే పోవాల. ఆయన రాత ఆయనే చదవలేడు. అడుగున రెండక్షరాల సంతకం ఒకటే ఆయనది, అది కోడి గీకినట్టుంటుంది. నా అక్షరాలంటావా, అవి గొర్రెల వెంబడి తిరుగుతా మైలురాళ్ళ మీద నేర్చినవి. మొదట నేర్చిన మాట 'కడప', రెండోది 'మైళ్ళు'. అందుకే నేను చీటీ రాస్తే ఎద్దుల బండ్లో పోయేవాడు కూడా చదువుకోవచ్చు. చీటీలో ఏముందంటే, అందరూ ఇండ్లల్లోనే పండుకోవాల, గడియలు బిగించుకోవాల, బయట ఎవరూ మంచం వేయరాదు.

మీయమ్మ తలుపు గట్టిది కాదు గదా. మా దొడ్లో ఉన్న పాత రోలు దొర్లించుకొచ్చి మీ ఇంట్లో పెట్టినా. రోజూ మాపున దాన్ని తలుపుకు ఆనించి నిమ్మళంగా పండుకుంటాంది. నువ్వేమీ దిగులు పడొద్దు.

కాగితం అయిపోయింది, మాటలు మిగిలినాయి.
నీ మామ,
గురప్ప


పులివెందుల,
21-9-94

మామా,

నీ జాబు అందింది. నీ మాదిరి తిప్పి తిప్పి రాసేది నాకు రాదు. అడిగేవి అడుగుతా, విచారించి రాయి.

ఆ పొద్దు మందు వాసన వచ్చిందా? నాటు బాంబు పేలితే ఆ కంపు మధ్యాన్నం దాకా పోదు. గుంత యాడన్నా పడిందా? గోడల్లో మేకులు, గాజుపెంకులు గుచ్చుకున్యాయా? మోత నీ చెవులకు ముందు తగిలిందా, కాళ్ళకు ముందు తగిలిందా? నేను దినమూ రాయి పగలగొట్టి బతుకుతాండా మామా. కంపు లేక, గుంత లేక, చట్టి ఊగిందంటే అది మనిషి ఇసిరింది కాదు. నేల అదిరింది.

మన ఊరి మీద కట్టిన కొత్త డ్యాంలో ఈ ఏడే గదా నీళ్ళు నింపుతాండేది? ఈడ గనిలో రాళ్ళు చూసే సారు ఒకాయన ఉండాడు, ఆయన్ను అడిగినా. కింద బండల్లో ఎన్ని వేల ఏండ్లదో బిగువు ఉంటుందంట. కొత్తగా డ్యాం నిండితే ఆ నీళ్ళ బరువు పైన్నుంచి నొక్కుతుంది, నీళ్ళు బండల సందుల్లోకి దిగుతాయి, బిగువు జారుతుంది. అన్ని డ్యాముల కాడా జరగదు, కొన్నిచోట్ల జరుగుతుంది. మహారాష్ట్రలో కొయనా కాడ ఇరవై ఏడేండ్ల కింద ఇట్లనే అదిరి శానామంది పోయినారంట. "తుపాకీలో మందు మనం కూరలేదు, మీట మాత్రం మనమే నొక్కుతాం" అన్యాడు సారు.

ఆ మహారాష్ట్రలోనే పోయినేడు కిల్లారి అదిరింది గదా. ఆ దిక్కు మనిషి ఒకడు నాతో పాటు పనిచేస్తాండాడు. వాని ఇంట్లో తొమ్మిది మంది పోయినారు. నేల నోరు తెరిచి మింగలేదు మామా. వాళ్ళ ఇండ్లే వాళ్ళను మింగినాయి. మొద్దు రాళ్ళ గోడలు, మధ్యలో ఒట్టి బురదమన్ను, పైన దూలాల మీద మోకాలి లోతు చౌడు మన్ను. వాడు చెప్తాంటే నాకు మన మిద్దే కండ్లల్లో ఆడింది.

బాంబుకయితే లోపలికి పోవాల. అదురుకు బయటికి రావాల. అమ్మను కల్లంలో పండుకోబెట్టు. ఆ రోలు తీసి అవతల పారేయి.

చిన్నన్న


నల్లవంకపల్లె,
29-9-1994

గనిలో ఉద్యోగం చేస్తా మామకు పాఠాలు చెప్పే అల్లునికి,

నీ జాబు బాగుంది. మరీ బాగుందనే చిక్కొచ్చింది. ఇంత తెలివిగల జాబు నా ఒక్కని కోసం రాసిందా అని పెద్దాయన అరుగు మీద నలుగురిలో గట్టిగా చదివినా. వాసన లేదు, గుంత లేదు అని అందరూ ఒప్పుకున్యారు. నాకు గొప్పగా అనిపించింది. అంతలో మన గంగులయ్య బీడీ ఆర్పి,

"అది సరే గాని గురప్పా, బాంబు పడితే గుంతెట్ల పడుతుందో, మేకెంత లోతు దిగుతుందో మీ అల్లునికి ఇంత బాగా ఎట్ల తెలుసప్పా?" అన్యాడు.

"వాడు రాళ్ళు పగలగొడతాడు గదా."

"రాళ్ళే పగలగొడతాడో, ఇంకేం పగలగొడతాడో. తూటాలు వాని చేతిలోనే ఉంటాయి గదా."

అందరూ నవ్వినారు. పెద్దాయన నవ్వలేదు. ఆయనకు బాంబు మాట కాదు, డ్యాం మాట గుచ్చుకుంది. "ఇరవై ఏండ్లు ఆఫీసుల చుట్టూ తిరిగి నేను తెచ్చిన డ్యాం భూమిని కదిలిస్తాందంటావా? ఎలక్షన్లు ముందర పెట్టుకుని?" అన్యాడు.

"నేను అనలేదు సామీ. జాబు అంటాంది."

"జాబును మడిచి జేబులో పెట్టుకో."

పెట్టుకున్నా. ఏం లాభం? మాపటికల్లా అది కింది వీధికి చేరింది. "వాళ్ళ పార్టీ జాబే చెప్తాంది, అంతా ఆ డ్యాం వల్లే" అని వాళ్ళంతా మంచాలు తెచ్చి వీధిలో వేసుకున్యారు. అప్పట్నుంచి ఈ ఊర్లో మంచం మంచంగా లేదు, జెండా అయింది. బయట వేస్తే కింది వీధి పార్టీ, లోపల వేస్తే పెద్దాయన పార్టీ. "బయట పండుకున్నోని ఓటు నాది కాదు" అని పెద్దాయన కబురంపినాడు. పోయిన వారం రెండు మోతలు వచ్చినాయి. మన వీధిలో అందరూ వినపడనట్టు కూర్చున్యారు. పొయ్యి మీద కుండ గలగలమంటాంటే ఆడోళ్ళు దాన్ని పట్టుకుని కొంగుతో మూసినారు.

నేను మీయమ్మను కల్లంలోకి రమ్మని చెప్పకపోలేదు. "నా కొడుకును కేసులో పెట్టినోళ్ళ మాదిరి నేను మంచం వేసుకోవాల్నా? చచ్చినా వేయను" అనింది. రోలు తీయబోతే నా చేయి మీద కొట్టింది. ఇంక నేనేం చేసేది? పెద్దలతో ఎట్ల రాయాలో నువ్వు కూడా కొంచెం నేర్చుకో.

మనసు కష్టపెట్టుకున్న మామ,
గురప్ప


పులివెందుల,
6-10-94

మామా,

నీకు రాసిన జాబును అరుగు మీద ఎందుకు చదివినావు? నేను పెద్దాయనకు రాసినానా? సోమవారం మోటరుసైకిల్లో ఇద్దరు గనికి వచ్చి, తూటాలు ఏమన్నా తక్కువైనాయా, చిన్నన్న అనేవాడు సొంతానికి తీస్తాండాడా అని మేనేజరును అడిగిపోయినారంట. యాడోళ్ళని అడిగితే జమ్మలమడుగు దిక్కోళ్ళు అన్యాడు. మన పార్టీనో వాళ్ళ పార్టీనో నాకు తెలీదు. ఎవరైతేనేం, నన్ను తూటాల పని నుంచి తీసి లారీలకు రాయి ఎత్తే పనిలో వేసినారు.

అది పోనీ. అమ్మ మిద్దె కింద పండుకుంటాంది, నాకు అదొక్కటే. పెద్దాయన కోసం ముప్పై ఏండ్లు చీటీలు రాసినావు. సొంత చెల్లెలి కోసం ఆయన ముందర ఒక్క మాట నోరు తెరిచి అనలేవా?

బయటికి రాదంటే మిద్దె మీది మన్నన్నా తగ్గించు. వానకు కారుతాంది, మన్ను మారుస్తానని చెప్పి చౌడంతా గీకెయ్. బరువు తగ్గితే పడినా బతుకుతుంది. మోతలు ఎన్ని వస్తాండాయో, ఎప్పుడెప్పుడు వస్తాండాయో రాసిపెట్టు.

ఇంకెవరికీ చదవొద్దు.
చిన్నన్న


నల్లవంకపల్లె,
24-10-1994

చిన్నన్నా,

ఈ జాబు నేను వంకలో కూర్చుని రాస్తాండా. చుట్టూ మేకలు తప్ప ఎవరూ లేరు. వాటికి చదివి వినిపించే ఉద్దేశం లేదు.

నువ్వు అడిగింది నిజమే. నోరు తెరవలేదు. అరవై ఆరేండ్లలో పెద్దాయన ముందర నేను ఎదురు చెప్పింది ఒకేసారి, అది కూడా ఆయన పెండ్లిలో పప్పులో ఉప్పు లేదని.

నువ్వు చెప్పినట్టు గడ్డపార తీసుకుని మీ మిద్దె ఎక్కినా. ఎనిమిది గంపలు గీకి కింద పారబోసినానో లేదో, మీయమ్మ చీపురు పట్టుకుని నిచ్చెన ఎక్కి వచ్చింది. "ఏం చేస్తాండావు నా మిద్దె మీద?"

"వాన కారుతాందని..."

"యాడ కారుతాంది? ముప్పై ఏండ్లుగా ఒక చుక్క కారలేదు. ఈ చౌడు మా అత్త తల మీద మోసి పోసింది. ఇది తీసేదానికి నువ్వెవరు?"

"నీ అన్నను."

"అన్నవైతే నీ మిద్దె గీక్కో పో."

ఆ ఎనిమిది గంపలూ తిరిగి నా చేతనే పైకి ఎక్కించింది. నా మోకాళ్ళు నిన్ను తిడతాండాయి.

మోతల సంగతి. రాసిపెడతాండా. ఇప్పటికి పంతొమ్మిది. వీటిని పట్టుకుని డ్యాం కాడికి పోయినా. ఆడ నీళ్ళ మట్టం చూసే లస్కరు వలి బాషా ఉండాడు గదా, కింది వీధి మనిషి. ఊర్లో అయితే వాడు నన్ను చూసి తల తిప్పుకుంటాడు, నేను వాన్ని చూసి తిప్పుకుంటా. డ్యాం కాడ ఎవరూ చూడరు కాబట్టి తలలు మామూలుగానే ఉంటాయి. వాడు వాళ్ళావిడ ఖమర్‌బీ కట్టిచ్చిన జొన్నరొట్టెలో సగం నాకు పెట్టినాడు. వాళ్ళింట్లో పచ్చిమిరపకాయల కారం, దాని గురించి రాయాలంటే ఇంకో జాబు కావాల. రోజూ పొద్దున మట్టం ఎన్ని అడుగులుందో వాడు పుస్తకంలో రాస్తాడు. వాని పుస్తకం, నా కాగితం పక్కపక్కన పెట్టి చూసినాం. నీళ్ళు నలభై అడుగులు దాటినాక మొదటి మోత. వాన పడి మట్టం గబగబా పెరిగిన వారంలో ఏడు మోతలు. పెరగని వారంలో ఒక్కటే.

"వలీ, గేటు కొంచెం ఎత్తి నీళ్ళు వదలగూడదా?" అన్నా.

"నేను లస్కర్ని గురప్పన్నా. మట్టం చూడమన్యారు, చూస్తా. ఇంజనీరు సారుకు రెండు సార్లు చెప్పినా. ఎలక్షన్ల ముందు నిండు డ్యాం చూపించాలని పైనుంచి మాట వచ్చిందంట. నేనుగా గేటు ఎత్తితే మాపటికి నా ఉద్యోగం ఎత్తేస్తారు. నువ్వు పెద్దాయనకు చెప్పరాదా?"

చెప్తానన్నా. చెప్పలేదు. ఇంకో సంగతి. పెద్దాయన మొదటి మోత తర్వాత ఒక్క రేయి కూడా ఊర్లో పండుకోలేదు. ప్రొద్దుటూరు ఇంట్లో ఉంటాడు. అది కాంక్రీటు ఇల్లు. ఎలక్షన్ల పని అంటాడు.

నువ్వు చెప్పిందంతా నిజమని ఇప్పుడు నమ్మినా. నమ్మి ఏం చేయాలో తెలీలేదు.

గురప్ప మామ


పులివెందుల,
30-10-94

మామా,

ఇంక జాబులతో కాదు. వచ్చే ఆదివారం స్టేషన్లో సంతకం పెట్టి బస్సెక్కుతా. అమ్మను భుజం మీద వేసుకునైనా ఎత్తుకొస్తా. షరతు తప్పితే జైలే గదా, పోతా. జైలుకు కాంక్రీటు కప్పు.

చిన్నన్న


నల్లవంకపల్లె,
3-11-1994

చిన్నన్నా,

రావొద్దు. ఈ జాబు పోస్టులో వేస్తే నువ్వు వచ్చినాక చేరుతుందని మన రోడ్డు మీద పోయే పులివెందుల బస్సు కండక్టరు కమాల్ బాషా చేతికి ఇస్తాండా. నువ్వు ఊర్లో కాలు పెడితే జైలు దాకా పోనీయరు. గంగులయ్య మాట రెండు వీధులకూ పోయింది. బాంబులు తెచ్చేది నువ్వేనని కింది వీధిలో అనుకుంటాండారు. నీ కోసం మాటేసినోళ్ళు ఉండారు.

మీయమ్మ బయట పండుకుంటాంది. నిజం. నిన్నటి నుంచి. ఎట్లనో చెప్తా, చదివినాక ఈ కాగితం కాల్చెయ్.

సోమవారం కూర్చుని ఆలోచించినా. ఈ వీధిలో అదురంటే ఎవరూ కదలరు, బాంబంటే కదులుతారు. నా మాట ఎవరూ వినరు, నా రాత అందరూ వింటారు. ఒక తెల్ల కాగితం తీసుకుని రాసినా: "కింది వీధోళ్ళు ఈ వారంలో మిద్దెలెక్కి కప్పులో వెలుతురు కోసం పెట్టిన గవాచిల్లో నుంచి బాంబులు వేస్తారని నమ్మకమైన కబురు. కాబట్టి మన వీధిలో ఒక్కరు కూడా మిద్దె కింద పండుకోరాదు. ఆడా మగా, పిల్లా జెల్లా వీధి నడుమ మంచాలు వేసుకుని, గోడలకు దూరంగా ఉండాల." అడుగున ఆ రెండక్షరాలు కూడా నేనే గీకినా. కోడికన్నా బాగా వచ్చింది.

చీటీ చదివి వినిపిస్తాంటే గంగులయ్య "గోడలకు దూరంగా ఎందుకంట?" అన్యాడు. "బాంబు తగిలితే గోడ రాళ్ళు లేస్తాయి, పెద్దాయన అన్నీ ఆలోచిస్తాడు" అన్నా. "అవునవును" అన్యాడు. మాపటికి మీది వీధి అంతా మంచాలే. మీయమ్మ మంచం తెచ్చుకుంది, మేకలను తెచ్చుకుంది, పెట్టె తెచ్చుకుంది. "నేను చెప్తే రాలేదే?" అన్నా. "పెద్దాయన చెప్పినాడు గదా" అనింది. నాకు కోపం రాలేదు. కాసేపు ఆమె పక్కన కూర్చుని, నక్షత్రాలు చూసి వచ్చినా.

ఇంక చిక్కు. బాంబులంటే మనోళ్ళు ఊరకే పండుకుంటారా? మంచాల కింద వేటకొడవళ్ళు పెట్టుకున్యారు, ఈటెలు పెట్టుకున్యారు. నేను ఇది ముందు అనుకోలేదు. కింది వీధోళ్ళు చూసినారు. మీది వీధి అంతా కొడవళ్ళతో వీధిలోకి వచ్చింది, మన మీదికే వస్తాండారు అనుకున్యారు. సెప్టెంబరు నుంచి హాయిగా బయట పండుకునేవాళ్ళు, నిన్న మంచాలన్నీ లోపలికి తీసుకుని గడియలు పెట్టుకున్యారు. వీధి మొగదల నలుగురిని కాపలా పెట్టినారు. వలి బాషా కూడా లోపలే. ఈ పొద్దు డ్యాం కాడ కనపడితే నన్ను చూసి తల తిప్పుకున్యాడు. ఆడ కూడా తిప్పుకున్యాడు.

చీటీ నేను రాసిందే, మేమెవరూ మీ మీదికి రావడం లేదు అని వానికి చెప్పాల. చెప్తే మన వీధిలో తెలుస్తుంది. తెలిస్తే నా చేతులు ఉండవు. మనోళ్ళు కూడా మళ్ళా లోపలికి పోతారు, మీయమ్మ మొదలు. ఒకటి రెండు దినాల్లో ఏదో ఒక ఉపాయం చేసి చెప్తా.

నువ్వు మాత్రం రావొద్దు.
మామ


పులివెందుల,
5-11-94

మామా,

కమాల్ బాషా బస్సు పొద్దున ఈడ తిరుక్కుంటాంది. వాన్ని నిలబెట్టి రాస్తాండా.

నేను రాను. అమ్మ బయట ఉంటే చాలు.

వలి బాషాకు చెప్పు. రేపు కాదు, ఈ పొద్దే చెప్పు. వాళ్ళు నా పేరు కేసులో రాయించినోళ్ళే, అయినా చెప్పు. నీ పేరు చెప్పేదానికి భయమైతే చీటీ చిన్నన్న రాయించినాడని చెప్పు. నాకు ఇంకో కేసు ఎక్కువ కాదు. వాళ్ళ గోడలు కూడా మన గోడల మాదిరే గదా మామా.

ఈ పొద్దే.
చిన్నన్న


నల్లవంకపల్లె,
14-11-1994

చిన్నన్నకు,

నీకు రేడియోలో తెలిసే ఉంటుంది, పేపర్లో చూసే ఉంటావు. వాళ్ళు రాసిన లెక్క తప్పు. నేను సరిగ్గా రాస్తా.

ముందు మీయమ్మ. బతికుంది, దెబ్బ లేదు. నీ మిద్దె ఉత్తరపు గోడ లోపలికి పడింది, దాని మీద కప్పంతా పడింది. ఆమె పండుకునే చోట మన్ను నా రొమ్ము ఎత్తున ఉంది.

నీ జాబును కమాల్ బాషా శనివారం సాయంత్రం బస్సు నిలిపి నా చేతికిచ్చినాడు. పొద్దు గూకలేదు ఇంకా. ఆడనే నిలబడి చదివినా. కింది వీధి దాకా పోయినా. మొగదల కాపలా ఉన్యారు, చేతిలో ఈటెలు ఉన్యాయి. మీది వీధి మనిషిని ఆ టయంలో రానీయరు. తెల్లారి వలి బాషా డ్యాం కాడికి వస్తాడు, అప్పుడు చెప్తా అనుకుని తిరిగొచ్చినా. ఇది సాకు కాదు, జరిగింది రాస్తాండా అని రాయబోయినా. రాసి చూసుకుంటే సాకే. గట్టిగా అరిచి చెప్పుంటే కాపలావాళ్ళకైనా వినపడేది.

ఆదివారం తెల్లవారుజామున కోడి కూసినాక వచ్చింది. ఇంతకు ముందు వచ్చినవి మోతలు. ఇది మోత కాదు, పది లెక్కబెట్టేంత సేపు నేల పక్కకు పక్కకు గుంజింది. మంచాలు వాటంతట అవే నడిచినాయి. తర్వాత దుమ్ము. మన వీధిలో పద్నాలుగు ఇండ్లు పడినాయి, ఒక్క ప్రాణం పోలేదు. గంగులయ్యకు కాలు విరిగింది, జమ్మలమడుగు ఆస్పత్రిలో కట్టు కట్టినారు.

కింది వీధిలో తొమ్మిది ఇండ్లు పడినాయి. ఏడు మంది పోయినారు. అందరూ గడియలు పెట్టుకున్న ఇండ్లల్లో వాళ్ళే. వలి బాషా పోయినాడు. ఖమర్‌బీ వాకిట్లో పొయ్యి రాజేసే దానికి లేచి బయటికి వచ్చింది కాబట్టి బతికింది. మనోళ్ళు పారలు తీసుకుని పరిగెత్తినారు. వాళ్ళు మొదట భయపడి రాళ్ళు రువ్వినారు. తర్వాత రువ్వలేదు. ఇద్దరు పిల్లలను బతికుండగా తీసినాం.

మీయమ్మకు ఆ మధ్యాన్నమే చెప్పినా, చీటీ పెద్దాయనది కాదు, నాదని. "నీకు నీ చెల్లెలు ఒక్కతే కనపడిందా అన్నా?" అనింది. అప్పట్నుంచి అన్నం పెడుతుంది గాని పలకదు.

పెద్దాయన మంగళవారం వచ్చినాడు. నన్ను పక్కకు పిలిచి చీటీ గురించి అడుగుతాడనుకున్నా. ఆయన అందరి ముందర ఏమన్యాడో తెలుసా? "నా చీటీ వల్లే మీది వీధి బతికింది" అన్యాడు. చప్పట్లు కొట్టినారు. తర్వాత నాతో ఒక రిపోర్టు రాయమన్యాడు. కింది వీధి ఇండ్లల్లో దాచిన బాంబులు పేలి ఆ ఏడు మంది పోయినారని. డ్యాం మాట యాడా రాకూడదని. నా చేయి వాచింది, రాయలేనన్నా. వాయలేదు. ఇంకెవరి చేతనో రాయించుకున్యాడు. డ్యాం నీళ్ళు మాత్రం తగ్గిస్తాండారు, రోజుకు అడుగు. హైదరాబాదు నుంచి సార్లు వచ్చి అదురు కొలిచే మిషన్లు పెట్టినారు. ఆ సార్లకు మోతలు రాసిపెట్టిన నా కాగితం ఇచ్చినా. వలి బాషా పుస్తకం కూడా కావాలన్యారు, అది మన్ను కింద ఉంది.

నువ్వు ఊరికి వచ్చేదానికి వకీలు కోర్టులో పర్మిషన్ అడిగినాడు, గురువారం దాకా రాదంట. వచ్చినాకే రా.

నిన్న ఖమర్‌బీ దగ్గరికి పోయినా. ఒక్కతే ఇంటి మన్ను తీస్తాంది. దూరం నుంచి కాకుండా దగ్గరికి పోయి నిలబడి చెప్పినా. ఆ చీటీ నేనే రాసినాననీ, మీ మీదికి ఎవరూ రావాలనుకోలేదనీ, వలి బాషాకు చెప్పాలని నాకు ముందు రోజే తెలుసనీ. ఆమె అంతా వినింది. చేతుల మన్ను కొంగుకు తుడుచుకుంది. పక్కన సగం మన్నులో ఒక దూలం ఇరుక్కుని ఉంది. దాని రెండో కొస పట్టుకోమనింది. పట్టుకున్నా.

గురప్ప